ఒకే మత్తు, మూడు ఆపరేషన్లు.. బిల్లు ఎలా చూడాలి?

కోటబొమ్మాళి నుంచి ఓ మహిళ కడుపునొప్పితో శ్రీకాకుళమో, విశాఖపట్నమో వెళ్లారనుకుందాం. స్కానింగ్‌లో అండాశయం మీద తిత్తి కనిపించింది. ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి పనిలో పనిగా కు.ని. ఆపరేషన్ కూడా చేసేయమన్నారు. తీరా పొట్టలోకి కెమెరా పంపి చూస్తే పేగులకు, గర్భసంచికి మధ్య అతుకులున్నాయి. డాక్టర్ వాటినీ విడదీశారు. మత్తు ఇచ్చింది ఒకసారే, రంధ్రాలు పెట్టిందీ ఒకసారే. డిశ్చార్జి రోజు బిల్లులో మాత్రం నాలుగు వరసలు: పరీక్ష కోసం ల్యాపరోస్కోపీ, తిత్తి తొలగింపు, అతుకులు విడదీయడం, కు.ని. ఒక్కోదానికీ పూర్తి ధర.

ఇలా వేయొచ్చా? డబ్బు ఎవరు కడుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కోడింగ్ నియమాల ప్రకారం చూస్తే, మొదటి వరస మాత్రం నిలవదు.

అమెరికా ఆసుపత్రుల బిల్లులకు మన హైదరాబాద్, విశాఖ కుర్రాళ్లే కోడ్లు వేస్తున్నారు కాబట్టి ఆ పద్ధతి తెలిసిన వాళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. అక్కడ ప్రతి చికిత్సకూ అయిదంకెల సీపీటీ కోడ్ ఉంటుంది. పరీక్ష కోసం చేసే ల్యాపరోస్కోపీ 49320. కానీ కెమెరాతో చూసి, అదే సిట్టింగులో ఆపరేషన్ కూడా చేస్తే ఆ చూడటం ఆపరేషన్‌లో భాగమే. విడిగా బిల్లు వేయకూడదు. గర్భసంచితో పాటు నాళాలు, అండాశయాలు కూడా తీస్తే 58571 ఒక్కటే చాలు. గర్భసంచి బరువు 250 గ్రాములు దాటితే కోడ్ 58573 అవుతుంది. నాళాల తొలగింపును మరో వరసగా చేర్చడం తప్పు. ఆపరేషన్‌కు దారి చేసుకోవడానికి విడదీసిన అతుకులదీ ఇదే లెక్క. యోని మార్గంలో గర్భసంచి లోపలికి కెమెరా పంపే హిస్టరోస్కోపీ వేరు. దాని దారే వేరు కాబట్టి విడిగా వేయొచ్చు.

పథకాల్లో 100-50-25

మన దగ్గర కోడ్ల కంటే ప్యాకేజీలదే రాజ్యం. ఒకే సిట్టింగులో ఒకటికి మించి ఆపరేషన్లు చేస్తే ఆయుష్మాన్ భారత్ నిబంధన స్పష్టంగా ఉంది. ఎక్కువ ధర ఉన్న ప్యాకేజీకి 100 శాతం, రెండోదానికి 50, మూడోదానికి 25 శాతం చెల్లిస్తారు. ఉదాహరణకు ప్యాకేజీలు 40 వేలు, 20 వేలు, 12 వేలు అనుకుంటే మొత్తం 72 వేలు కాదు, 53 వేలే. మత్తు, థియేటర్, బెడ్ ఖర్చులు ప్రతి ప్యాకేజీలోనూ కలిసే ఉంటాయి కాబట్టి ఈ కోత న్యాయమే.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పేర్లు మారుతూ వచ్చి ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. ప్యాకేజీ విధానం ఇక్కడి రోగులకు కొత్త కాదు. పథకం కింద చేరితే రోగి చేతి నుంచి డబ్బు కట్టక్కర్లేదు. ‘ఇది ప్యాకేజీలో లేదు, విడిగా కట్టండి’ అంటే వైద్యమిత్రను అడగండి. మనలో చాలామంది ఇప్పటికీ ఆరోగ్యమిత్ర అనే పిలుస్తున్న కౌంటర్ అదే. అక్కడా తేలకపోతే 104.

నగదు కట్టేవారి సంగతి వేరు. ఆసుపత్రి తన సొంత రేట్లే వేస్తుంది. అందుకే ‘రెండో ఆపరేషన్‌కు ఎంత తగ్గిస్తారు?’ అని చేరకముందే అడిగి, అంచనా కాగితం మీద రాయించుకోవాలి. మత్తులో ఉండగా కొత్తగా ఏదైనా బయటపడితే ఏం చేస్తారు, దానికి ఎంతవుతుంది అన్నదీ అప్పుడే అడగాలి.

బీమాలో అసలు చిక్కు

ఎక్కువ గొడవలు ఇక్కడే. ఆరోగ్య బీమా పాలసీల్లో ‘ఎక్స్‌క్లూజన్ 17’ అని ఒకటుంటుంది. సంతానలేమి చికిత్స, కు.ని. రెండూ దాని కిందికే వస్తాయి. అంటే పై ఉదాహరణలో తిత్తికి క్లెయిమ్ వచ్చినా కు.ని. భాగం మన జేబులోంచే. పిల్లలు కలగడం లేదని చేసిన హిస్టరో-ల్యాపరోస్కోపీకైతే మొత్తం తిరస్కరించే అవకాశముంది. అదే చికిత్స తిత్తి కోసమో, అధిక రక్తస్రావం కోసమో చేసి ఉంటే కథ మారుతుంది. అందుకే కేస్‌షీటులో డాక్టర్ కారణం ఏం రాశారన్నది ముఖ్యం. లేని జబ్బు రాయమని కాదు, ఉన్నది సరిగ్గా రాయమని అడగండి. ఫైబ్రాయిడ్లు, గర్భసంచి తొలగింపు వంటి వాటికి చాలా పాలసీల్లో వెయిటింగ్ పీరియడ్ కూడా ఉంటుంది.

క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోపు, డిశ్చార్జి అనుమతిపై మూడు గంటల్లోపు నిర్ణయం చెప్పాలని ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. క్లెయిమ్‌లో కోత పెడితే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు.

‘ఎలాగూ చేస్తున్నాం కదా’ అంటే..

బిల్లు కంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. ‘ఎలాగూ ల్యాపరోస్కోపీ చేస్తున్నాం, గర్భసంచి కూడా తీసేద్దాం’ అన్నమాట మన రాష్ట్రంలో తేలిగ్గా వినిపిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అనవసర ఆపరేషన్లను అడ్డుకునే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. కాబట్టి అంచనా కాగితంలో ఆ వరస కనిపిస్తే రేటు అడిగే ముందు కారణం అడగండి. వీలైతే మరో డాక్టర్‌కు స్కానింగ్ రిపోర్టు చూపించండి.

డిశ్చార్జి రోజు మూడు కాగితాలు చేతికి రావాలి: వరసవారీ బిల్లు, ఏం చేశారో వివరించే ఆపరేషన్ నోట్స్, తీసిన భాగం బయాప్సీ రిపోర్టు. బయాప్సీ రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, ఎప్పుడొస్తుందో రాయించుకోండి. బిల్లులో ఉన్న చికిత్స ఆపరేషన్ నోట్స్‌లో లేకపోతే, డబ్బు కట్టకముందే అడగాల్సింది అదే.