సెల్ టవరు - ఊరి క్షేమము

పూర్వము కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలకు వార్తను తెచ్చినది టపా బంట్రోతు. పిదప తంతి, ఆపైన టెలిఫోను తీగ వచ్చినవి. 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి తొలి సెల్ ఫోను సంభాషణ జరుగుటతో దేశమున తీగలేని యుగము ఆరంభమయ్యెను. కొన్ని సంవత్సరములలోనే గోదావరికి ఇరువైపుల మేడలపైనను, పొలముల నడుమను టవర్లు లేచినవి. వాటి వెంట భయమును వచ్చెను.

ఈ భయమున నిజమెంత? టవరు నుండి వెలువడునవి రేడియో తరంగములు. ఎక్స్-రే కిరణములవలె అవి పరమాణువుల నుండి ఎలక్ట్రానులను ఊడగొట్టజాలవు. బలము మిక్కుటమైనచో శరీరమును వేడిచేయును. దూరము రెట్టింపైనచో ఆ బలము నాల్గవ వంతగును. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2011 మే నెలలో వీనిని, కాన్సరు కలిగింప వీలున్నవను 2బి తరగతిలో చేర్చెను. అందుకు ముఖ్యాధారము చెవికి ఆనించుకొను ఫోనును గూర్చిన పరిశీలనలే. సాక్ష్యము స్వల్పమైనను జాగ్రత్త వ్యర్థము కాదు.

భారత ప్రభుత్వము 2008లో అంతర్జాతీయ పరిమితుల నంగీకరించి, 2012 సెప్టెంబరు 1 నుండి వానిని పదవ వంతుకు తగ్గించెను. 900 మెగాహెర్ట్జ్ తరంగములకు చదరపు మీటరుకు 4.5 వాట్లుగా నున్న హద్దు 0.45 వాట్లయ్యెను. యాంటెన్నాకు సూటిగా, సమానమైన ఎత్తున నుండు భవనములకు దూరమును నిర్ణయింపబడెను: ఒక యాంటెన్నాకు 20 మీటర్లు, రెంటికి 35, నాలుగింటికి 45, ఆరింటికి 55. తరంగము ముఖ్యముగా ముందుకు సాగును గనుక, టవరు క్రింది ఇంటికంటె ఎదుటి మేడను గూర్చియే హెచ్చుగా విచారింపవలెను. 2017లో గ్వాలియరునందు ఒక పౌరుని ఫిర్యాదుపై సుప్రీంకోర్టు ఒక టవరును మూయించెను. ఆ యేడే ఆరంభమైన తరంగ్ సంచార్ ద్వారా రుసుము చెల్లించి తరంగ బలమును కొలిపించుకొను వీలు పౌరులకు కలిగెను.

ఆదిలాబాదు కొండలలో కథ వేరు. గోండు, కొలాము గూడెములలో టవరు లేకపోవుటయే కష్టము. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చినచో 108కి పిలుపు అందక, సిగ్నలు కొరకు గుట్ట నెక్కవలసిన దుస్థితి. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గము దేశమునందలి 24,680 మారుమూల గ్రామములకు 4జి సౌకర్యము నిమిత్తము 26,316 కోట్ల రూపాయల పథకము నామోదించెను.

కావున టవరు వలదనుటయు, ఎక్కడనైనను సరే యనుటయు రెండును తగవు. యాంటెన్నా ఏ దిక్కునకు చూచుచున్నది, ఎదుట ఏ ఇండ్లున్నవి, మేడ ఆ బరువు నోర్చునా, జనరేటరు పొగ ఎవరి వాకిట పడును, అని గ్రామసభ ముందే అడుగవలెను. పై లెక్కలను గ్రంథాలయపు గోడపై వ్రాసియుంచినచో, ఆ ప్రశ్న లడుగుట అందరికిని సులభమగును.