జార్జి అంటే పలకాల్సిన కొలువు

1914లో అమెరికాలో ఒక వింత సంఘం పుట్టింది. జార్జి అనే పేరున్న తెల్లవాళ్లు అందులో సభ్యులు. పెట్టినవాడు కలప వ్యాపారంలో గడించిన జార్జి డులానీ. స్లీపర్ రైళ్లలో పనిచేసే నల్లజాతి పోర్టర్లను ప్రయాణికులు ‘జార్జి’ అని పిలవడం మానాలన్నది వాళ్ల కోరిక. పోర్టర్ల మర్యాద కోసం కాదు సుమా, తమ పేరు మర్యాద కోసం! వేళాకోళంగా మొదలైన ఈ గొడవ వల్లే 1926లో, స్లీపర్ పెట్టెలు నడిపే పుల్‌మన్ కంపెనీ ప్రతి పెట్టెలో పోర్టర్ అసలు పేరు రాసిపెట్టడం మొదలుపెట్టింది. తీరా లెక్క తీస్తే, సుమారు 12,000 మంది పోర్టర్లు, వెయిటర్లలో నిజంగా ఆ పేరున్నవాళ్లు 362 మందే.

మిగతావాళ్లకు ఆ పేరు యజమాని జార్జి పుల్‌మన్ నుంచి అంటుకుంది. బానిసను దొర పేరుతో పిలిచే దక్షిణాది అలవాటు, బానిసత్వం రద్దయ్యాక రైలెక్కిందన్నమాట.

పుల్‌మన్ తన కంపెనీని 1867లో స్థాపించాడు. డబ్బు పెట్టగల ప్రయాణికులకు రైల్లోనే పెద్ద హోటల్ సుఖాన్ని అమ్మడం ఆయన వ్యాపారం. పగలు కూర్చునే సీట్లే రాత్రికి పడకలయ్యేవి. ఆ పక్కలు పరచడానికి, బూట్లు మెరిపించడానికి, అర్ధరాత్రి గంట మోగితే పరుగెత్తడానికి ఆయన ఏరికోరి మాజీ బానిసలనే తీసుకున్నాడు. తక్కువ జీతానికి దొరుకుతారు, ఎదురు చెప్పరన్నది లెక్క. 1897లో ఆయన పోయాక కంపెనీ పగ్గాలు పట్టింది ఎవరో కాదు, బానిస విమోచన ప్రకటన చేసిన అబ్రహాం లింకన్ కొడుకు రాబర్ట్. ఆయన హయాంలోనూ పోర్టర్ల బతుకు మారలేదు.

నెలకు 400 గంటలు, లేదా 11,000 మైళ్లు. అదీ పని లెక్క. బండి కదలకముందు పెట్టెను సిద్ధం చేసే గంటలకు సరైన కూలి లేదు. 1920ల నడుమ నెల జీతం 67.50 డాలర్లు. అందులోంచే తిండి, ప్రయాణికుల బూట్లకు రాసే పాలిష్ కూడా కొనుక్కోవాలి. ఇల్లు గడిచేది టిప్పుల మీద, టిప్పు రాలేది నవ్వు మీద. అయినా నల్లవాళ్ల పేటల్లో పోర్టర్ అంటే గౌరవమే. పొలం పనితో పోలిస్తే అది నీడపట్టు ఉద్యోగం. దేశం నాలుగు చెరగులా తిరిగిన మనిషి ఇంట్లో పుస్తకాలు, పత్రికలు కనిపించేవి.

కంపెనీ లెక్క తప్పింది కూడా ఇక్కడే. నోరెత్తరని ఎంచుకున్న మనుషులను ఊరూరా తిప్పింది అదే. షికాగోలో రాబర్ట్ అబాట్ 1905లో పెట్టిన ‘షికాగో డిఫెండర్’ పత్రికను దక్షిణాదిలో చాలాచోట్ల అమ్మనిచ్చేవారు కాదు. పోర్టర్లు ఆ కట్టలను దాచి తీసుకెళ్లి తమవాళ్లకు చేరవేసేవారు. ఉత్తరాదిలో కూలి ఎంత, ఎక్కడ పని దొరుకుతుందన్న కబురూ వాళ్లతోనే వెళ్లేది. లక్షలాది నల్లజాతి కుటుంబాలు ఉత్తరాదికి తరలిన ఆ మహావలసలో వీళ్ల పాత్ర చిన్నది కాదు.

1925 ఆగస్టు 25న న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పోర్టర్ల యూనియన్ ఏర్పడింది. నాయకుడిగా ఎన్నుకున్న ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ పోర్టర్ కాదు, పత్రికా సంపాదకుడు. కంపెనీ జీతగాడు కానివాణ్ణి కంపెనీ పీకెయ్యలేదు కదా! ఆయన ఇల్లు గడిచింది భార్య లూసిల్ నడిపే బ్యూటీ పార్లర్ మీద. సభ్యులను మాత్రం కంపెనీ వేగులను పెట్టి మరీ ఏరివేసింది. బెదిరింపుగా ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవాళ్లను పనిలో పెట్టుకుంది. 1928లో యూనియన్ సమ్మె పిలుపు ఇచ్చి, చివరి గడియలో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. సభ్యులు జారిపోయారు, అద్దె, కరెంటు కట్టే దిక్కు లేని రోజులొచ్చాయి. వాషింగ్టన్‌లో రోసినా టక్కర్ అనే పోర్టర్ భార్య ఇంటింటికీ తిరిగి యూనియన్ పని చేస్తుంటే, కంపెనీ ఆమె భర్తను తీసేసింది. ఆమె నేరుగా అధికారి గదిలోకి వెళ్లి బల్ల గుద్ది నిలదీసింది. భర్త ఉద్యోగం తిరిగొచ్చింది. ఈ కథలో రాండాల్ఫ్ పేరు విన్నంతగా రోసినా పేరు వినపడకపోవడం అన్యాయమే.

1934లో రైల్వే కార్మిక చట్టాన్ని సవరించాక గాలి మళ్లింది. 1937 ఆగస్టు 25న, యూనియన్ పుట్టి సరిగ్గా పన్నెండేళ్లకు, కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. పని నెలకు 400 గంటల నుంచి 240కి దిగింది, జీతాలు పెరిగాయి.

1941లో యుద్ధ సామగ్రి కర్మాగారాలు నల్లవాళ్లను గేటు బయటే నిలబెడుతుంటే, వేలాది మందితో వాషింగ్టన్ మీదికి కవాతు చేస్తానన్నాడు రాండాల్ఫ్. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జూన్ 25న ఆ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆగిన ఆ కవాతు 1963లో జరిగింది. మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగంతో లోకమంతా గుర్తుపెట్టుకున్న ఆ సభకు పెద్ద రాండాల్ఫే.

ఆ సభకు ముందే, అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పోర్టర్ల యూనియన్ శాఖను నడిపింది ఇ. డి. నిక్సన్ అనే పోర్టర్. 1955 డిసెంబరు 1న బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళను అరెస్టు చేస్తే, జామీను ఇచ్చి బయటికి తెచ్చినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ రాత్రే బస్సుల బహిష్కరణ మాట ఎత్తి, పొద్దున్నే పాస్టర్లకు ఫోన్లు చేసింది కూడా ఆయనే. వాళ్లలో కింగ్ ఒకరు, అప్పటికింకా కుర్ర పాస్టర్. సాయంత్రం కింగ్ చర్చిలోనే సమావేశం. నిక్సన్ మాత్రం అక్కడ లేడు, రైలు డ్యూటీకి వెళ్లాల్సి వచ్చింది. తిరిగొచ్చాక ఉద్యమ సంఘానికి కింగ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు, కోశాధికారి బాధ్యత నిక్సన్‌కు అప్పగించారు. బహిష్కరణ 381 రోజులు సాగింది.