తెలుగు సమాజంపై డాక్టరేటు: గిడుగువారి నుంచి తొట్లకొండ దాకా

నేను భాషాప్రవీణ చదివిన రోజులలో మా పాఠ్యప్రణాళికలో బాలవ్యాకరణం, అప్పకవీయం, వసుచరిత్ర, సంస్కృతంలో లఘుకౌముది ఉండేవి. దంపుళ్ళపాటకు అందులో చోటు లేదు. ఊడ్పుల పాట, జముకుల కథ, జాలరి తెప్పమీద వాడే మాట, ఇవేవీ చదువు కిందకు రావు. అవి చదువు రానివారి సొత్తని మా గురువుల తరం ఏ సందేహమూ లేకుండా నమ్మింది. అటువంటి సొత్తుపై సిద్ధాంతవ్యాసం రాసి డాక్టరు పట్టం పుచ్చుకోవచ్చునన్న స్థితి మన విశ్వవిద్యాలయాలకు ఎలా వచ్చిందన్నది చిన్న కథ కాదు. దానిలో నాకు ముఖ్యంగా తోచిన ఘట్టాలను ఇక్కడ రాస్తున్నాను.

ఈ పని మొదలుపెట్టినవారు విశ్వవిద్యాలయాల వారు కారు. పర్లాకిమిడి బడిపంతులు గిడుగు రామమూర్తిగారు (1863-1940). ప్రైవేటుగా చదివి పట్టభద్రులైన ఆ చరిత్ర ఉపాధ్యాయుడు ముఖలింగం గుడిలోని శాసనాలు చదవడం తనంతట తానే నేర్చుకున్నారు. కొండల మీది సవరల భాషను వారి నోటనే విని నేర్చి, వారి పిల్లలకు పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. సవర భాషపై ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. దాదాపు నలభై ఏళ్ళ శ్రమ అది. నేటి లెక్కలో ఎన్ని డాక్టరేట్లకు సరిపోతుందో చదువరులే ఊహించుకోవచ్చు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో ఆయనకు కళాప్రపూర్ణ ఇచ్చింది. అది గౌరవ పట్టం. పరీక్షాధికారుల ఎదుట కూర్చుని సంపాదించినది కాదు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటమే మనకు బాగా గుర్తుండి, సవరల సేవ వెనకబడిపోయింది.

మల్లంపల్లి సోమశేఖరశర్మగారిది మరొక దారి. కళాశాల పట్టం లేకుండానే కొమర్రాజు లక్ష్మణరావుగారి వద్ద విజ్ఞానసర్వస్వం పనిలో చేరి, శాసనాలతో కాలం గడిపి చరిత్రకారులైనారు. రెడ్డిరాజ్యాల చరిత్రపై ఆయన ఇంగ్లీషులో రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తే 1948లో ప్రచురించింది. అందులో రాజుల యుద్ధాలతోబాటు మతం, వర్తకం, ప్రజల జీవనం కూడా ఉన్నాయి. మరుసటి ఏడు, అంటే 1949లో, సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వచ్చింది. మేము అలంకారాల కోసం చదివిన కావ్యాలను ఆయన ఆహారం, ఆటలు, దుస్తులు, వృత్తుల కోసం చదివారు. క్రీడాభిరామం, హంసవింశతి ఆయన చేతిలో సాక్ష్యపత్రాలైనాయి. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం (1955) ఆ పుస్తకానిదే. అప్పటికి ఆయన లేరు, 1953లోనే కాలం చేశారు.

కావ్యం నుంచి సమాజాన్ని తవ్వి తీయడం ఒక ఎత్తు. అసలు కావ్యమే లేని జనం పాటను పరిశోధనవస్తువుగా నిలబెట్టడం మరొక ఎత్తు. ఆ రెండవ పనికి పీట వేసినవారు బిరుదురాజు రామరాజుగారు. వరంగల్లు జిల్లా దేవనూరులో 1925లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంగా వెలసిన సంస్థ. అక్కడ తెలుగుశాఖలో ఖండవల్లి లక్ష్మీరంజనంగారి పర్యవేక్షణలో రామరాజుగారు తెలుగు జానపదగేయ సాహిత్యంపై పరిశోధన చేసి 1956లో డాక్టరేటు పొందారు. ఉస్మానియా తెలుగుశాఖకు అదే మొదటి డాక్టరేటు. మొదటి పట్టమే పండితులు ముఖం తిప్పుకున్న వస్తువుమీద రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

అంతకుముందు పాటలు పోగుచేసినవారు లేకపోలేదు. బ్రౌనుదొర కథాగేయాలు రాయించి పెట్టాడు. 1874లోనే బోయిల్ అనే ఆంగ్లేయుడు తెలుగు కథాగేయాలపై ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో వ్యాసం రాశాడు. గోదావరి సీమలో నేదునూరి గంగాధరంగారు జీవితమంతా పాటలూ, సామెతలూ ఏరుతూ గడిపారు. అయితే పోగుచేయడం వేరు, శాస్త్రం చేయడం వేరు. రామరాజుగారు ఊరూరా తిరిగి విన్నదాన్ని పౌరాణికాలు, చారిత్రకాలు, స్త్రీల పాటలు, శ్రామికుల పాటలు, పిల్లల పాటలు అని వర్గాలు చేసి, ఒక్కొక్కదాని వెనుక ఉన్న బతుకును చూపారు. కవి పేరు లేని పాటకు కాలనిర్ణయం ఎలా చేయాలి? ఒకే పాటకు పది ఊళ్ళలో పది పాఠాలుంటే ఏది శుద్ధపాఠం? తాళపత్రాల పాఠపరిష్కారంలో పండితుడికి ఉన్న అలవాటు ఇక్కడ పనికిరాదు. పదీ శుద్ధపాఠాలే. ఈ ఒక్క సంగతి ఒప్పుకోవడానికి మా వంటివారికి చాలా కాలం పట్టింది. ఆ సిద్ధాంతవ్యాసం తెలుగులో రాసినదని కూడా గుర్తుంచుకోవాలి.

దాని తరువాత బాట వెడల్పైంది. తూమాటి దొణప్పగారు ఆంధ్ర సంస్థానాల సాహిత్యపోషణపై ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పరిశోధించారు. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి మొదటి ఉపాధ్యక్షులు ఆయనే. శ్రీశైలంలో చరిత్ర, సంస్కృతి, పురావస్తు అధ్యయనానికీ, వరంగల్లులో జానపద విజ్ఞానానికీ ఆ విశ్వవిద్యాలయం పీఠాలు పెట్టింది. నాయని కృష్ణకుమారిగారు జానపద గేయగాథలపై చేసిన కృషి మరొక మెట్టు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు పెన్సిల్వేనియా వెళ్ళి 1957లో డాక్టరేటుతో తిరిగివచ్చి, ఆ శిక్షణను పల్లెలకు తీసుకుపోయారు. 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయానికి సంబంధించినది. నాగలికి ఎన్ని భాగాలో, ఒక్కొక్క భాగానికి జిల్లాకొక పేరు ఏమిటో రైతును అడిగి రాసుకున్న నిఘంటువు అది. చేనేత సంపుటం 1971లో వచ్చింది. నా అభిప్రాయంలో గత శతాబ్దంలో తెలుగువారు తమ సమాజం గురించి చేసిన పనులలో దీనిని మించినది తక్కువ. ఈనాడు ఆ నాగళ్ళే లేవు, పేర్లు మాత్రం అక్కడ భద్రంగా ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన వెల్చేరు నారాయణరావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు సమర్పించిన సిద్ధాంతవ్యాసం 1978లో 'తెలుగులో కవితావిప్లవాల స్వరూపం' పేరుతో అచ్చైంది. కవిత్వం మారడానికి కారణాన్ని కవి ప్రతిభలో కాక సమాజపు మార్పులో వెదికిన పుస్తకమది. మా తరం పండితులలో దానిపై జరిగినన్ని తగవులు మరే సిద్ధాంతవ్యాసంపైనా జరగలేదనుకుంటాను. స్త్రీల రామాయణపు పాటలపై 1991లో ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాసం దేశదేశాల విద్యార్థులు చదువుతున్నారు. మా అమ్మమ్మలు వసారాలో పాడుకున్న సీత వేవిళ్ళూ, ఊర్మిళ నిద్రా అక్కడ తరగతి గదిలో చర్చకు వస్తున్నాయి.

ఇక మా ఊరి సంగతి. మధురవాడకు కూతవేటు దూరంలో, సముద్రం వైపు, తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్లవల్ల ఆ పేరు. అవతల బావులున్న కొండ బావికొండ. 1980లలోనూ 90ల మొదట్లోనూ రాష్ట్ర పురావస్తుశాఖ ఈ రెండు చోట్లా తవ్వకాలు చేసి స్తూపాలు, విహారాలు, శాతవాహనుల నాణేలు, రోమను నాణేలు బయటపెట్టింది. ఆ తరువాత లార్స్ ఫోగెలిన్ అనే అమెరికా విద్యార్థి వచ్చి, తవ్వకుండానే, కొండచుట్టూ పొలాలూ గుట్టలూ కాలినడకన గాలించి, నేలమీద కనిపించిన పెంకులనూ రాళ్ళపోగులనూ లెక్కకట్టాడు. ఏకాంతం కోరే భిక్షువులు తిండికోసం ఊరిమీద ఎలా ఆధారపడ్డారు, ఊరివారు కొండెక్కి స్తూపం ముందు ఎక్కడ గుమికూడారు అన్నవి అతని ప్రశ్నలు. మిషిగన్ విశ్వవిద్యాలయం 2003లో అతనికి డాక్టరేటు ఇచ్చింది. సిద్ధాంతవ్యాసం 2006లో పుస్తకమైంది. ఆ రాళ్ళపోగుల పక్కనుంచే నేను పిల్లలను విహారయాత్రకు ఎన్నోసార్లు నడిపించుకుపోయాను. స్తూపం చూపించాను, రాళ్ళపోగులను ఎవరూ చూడలేదు.

చార్లెస్ నకల్స్ అనే మానవశాస్త్రజ్ఞుడు విశాఖ తీరపు జాలరుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1996లో వచ్చింది. బిడ్డకు జబ్బుచేసినా, వల ఖాళీగా వచ్చినా, కారణాన్ని అన్నదమ్ముల పొరపొచ్చాలలోనూ, పితరుల, అమ్మవార్ల అలకలోనూ వెదికే ఆలోచనాక్రమం దాని వస్తువు. ఈ రెండు పుస్తకాలూ మా సముద్రపుటొడ్డు గురించినవే. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. మంగమారిపేటలో వాటిని చదివినవారు నాకు తారసపడలేదు. పరదేశీయులను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వారు వచ్చి చూశారు, మేము ఒడ్డునే ఉండి చూడలేదు. అయితే ఒక జనం గురించి రాసినది ఆ జనం భాషలోకి రాకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. అనువదించేవారికి అంతకంటె మంచి పని ఏముంది?

పైగా నేల కూడా ఆగదు. 2019 అక్టోబరు వానలకు తొట్లకొండ మహాస్తూపం కొంత కూలింది. కొమ్మాది, పరదేశిపాలెం వైపు నిలబడుతున్న భవనాలను చూస్తే, నేలమీద పెంకులు చూసి చరిత్ర చెప్పే పద్ధతికి ఈ చుట్టుపక్కల ఇంకెన్నేళ్ళు అవకాశముంటుందో లెక్కవేయడం కష్టం కాదు.

ఇప్పుడు పరిశోధనకు దిగేవారికి తోవ కొంత మారింది. 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్ ఎత్తివేసింది. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్ళు. సిద్ధాంతవ్యాసాలు శోధగంగలో ఎవరైనా చదువుకోవచ్చు. అక్కడ తెలుగు వ్యాసాలు తిరగేస్తే ఫలానావారి జీవితం, సాహిత్యం అనే శీర్షికలు గుట్టలుగా కనిపిస్తాయి. అన్నీ పనికిరానివని అనను. గ్రంథాలయం దాటి గడప దిగనివి ఎక్కువని మాత్రం అంటాను.

నా దగ్గర పదవ తరగతి చదివిన ఒకమ్మాయి, జాలరుల ఇంటి పిల్ల, ఎం.ఏ. తెలుగు ముగించి పరిశోధన ప్రవేశపరీక్షకు కూర్చుంటోంది. విషయం ఏం తీసుకోవాలి మాష్టారూ అని అడిగింది. మీ నాన్న వలకు ఎన్ని పేర్లున్నాయో రాసుకుని రా తల్లీ అన్నాను. అలివి వల దగ్గర మొదలుపెట్టి రెండు పేజీలు నింపి తెచ్చింది. అందులో సగానికి పైగా నా దగ్గరున్న ఏ నిఘంటువులోనూ లేవు. సిద్ధాంతవ్యాసం తెలుగులోనే రాస్తానంటోంది.