హ్యూమిడార్‌కు తేమ పట్టించడం: సిగార్ల నిల్వలో కొయ్య, కొలత, వాతావరణం

1961లో అమెరికా అధ్యక్షపదవి చేపట్టిన జాన్ కెనడీకి హాస్యనటుడు మిల్టన్ బెర్ల్ సిగార్లు దాచుకొనే పెట్టెనొకదానిని బహూకరించాడు. 1996లో న్యూయార్క్‌లో సోథబీస్ సంస్థ నిర్వహించిన వేలంలో అది 5,74,500 డాలర్లు పలికింది. ఆ ధర యజమాని పేరుకు దక్కినదే గాని పెట్టె పనితనానికి దక్కినది కాదు. పనితనం దృష్ట్యా పరిశీలిస్తే, ఎంత ఖరీదైనదైనా కొత్త హ్యూమిడార్ సిగార్‌కు రక్షణ కాదు, ముప్పు.

కారణం కొయ్యలోనే ఉంది. ఈ పెట్టెల లోపలి పొరకు సంప్రదాయంగా వాడే కలపను స్పానిష్ సీడార్ అంటారు. పేరులో రెండు పొరపాట్లున్నాయి: అది స్పెయిన్‌లో పుట్టినది కాదు, దేవదారు జాతిదీ కాదు. సెడ్రెలా ఒడొరాటా అనే ఈ వృక్షం క్యూబాతో సహా ఉష్ణమండల అమెరికాకు చెందినది; మన వేప, మహాగనిల మీలియేసీ కుటుంబంలోనిది. దాని సువాసన పొగాకుకు నప్పుతుంది, పురుగును కొంతవరకు దూరంగా ఉంచుతుంది. అడవుల్లో అతిగా నరికినందున 2020 నుండి దీని అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ ఒప్పందపు నియంత్రణ అమలులో ఉంది. ఆరబెట్టిన ఈ కలప చుట్టూ ఉన్న తేమను పీల్చుకుంటుంది. కొత్త పెట్టెలో నేరుగా సిగార్లను అమరిస్తే వాటి తేమనే లాగుతుంది. పై ఆకు పగులుతుంది, పరిమళతైలాలు ఆవిరవుతాయి. కనుక ముందుగా కొయ్య దాహం తీర్చాలి.

స్వేదనజలం నింపిన చిన్న పాత్రను లోపల ఉంచి మూత వేస్తారు. కొందరు తడిగుడ్డతో గోడలను తుడుస్తారు గాని, నీరెక్కువైతే పలకలు వంకరపోతాయి. నిదానమైన పద్ధతే మేలు. కొన్ని రోజుల నుండి రెండు వారాల వరకు పడుతుంది. లోపలి సాపేక్ష ఆర్ద్రత 65 నుండి 70 శాతం మధ్య స్థిరపడితేనే సిగార్లకు చోటు.

స్థిరపడిందని తెలిసేదెలా? హవానాలో తేమ గాలిలోనే ఉంటుంది. యూరప్‌లో శీతకాలపు వెచ్చని గదులలో గాలి పొడిబారుతుంది. ఈ తేడాను అంకెలలోకి తెచ్చిన సాధనం జెనీవాలో పుట్టింది. హొరేస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ మనిషి వెంట్రుక తేమకు సాగే గుణంపై ఆధారపడిన ఆర్ద్రతామాపకాన్ని 1783లో తన గ్రంథంలో వివరించాడు. తరువాతి కాలంలో జీనో దావిదోఫ్ సిగార్ దుకాణం ప్రసిద్ధి పొందింది కూడా అదే నగరంలో. నేటికీ మాపకాన్ని సరిచూసే సులభమార్గం తడి ఉప్పే: మూసిన డబ్బాలో అది గాలిని సుమారు 75 శాతం ఆర్ద్రత వద్ద నిలుపుతుంది.

ఈ పొడి గాలి సమస్య తెలుగుతీరానిది కాదు. గోదావరి లంకలలో పండిన పొగాకుతో చుట్టిన చుట్టలకు ఆంగ్లంలో లంకా అనే పేరే స్థిరపడింది. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఆ మాటను గోదావరి లంకలకే ముడిపెట్టింది, 1890లో షెర్లాక్ హోమ్స్ కథలోకీ అది ప్రవేశించింది. కాని వానాకాలపు గోదావరి తీరంలో తేమ చాలకపోవడం కాదు, మితిమీరడం ఇబ్బంది. తేమ మీరితే బూజు. వేడి కూడా తోడైతే పొగాకు పెంకుపురుగు గుడ్లు పొదుగుతాయి. అక్కడ పెట్టెకు నీటిపాత్ర కంటే ముందు మాపకం కావాలి.