సీతాకోకలు తూర్పుకు పోతే వాన ఎవరికి?

కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో వేసవి గురించి ఒక మాట చెప్తా ఉండేవాళ్లు: సీతాకోకలు గుంపులుగా తూర్పుకు పోతా ఉంటే ఎండ అయిపోవచ్చింది, వాన దగ్గరికొచ్చింది అని. మన పిల్లలు ఇప్పుడు పట్టాంపూచ్చి అంటారు. పేరు అరవమైపోయినా మాట ఇంకా ఇళ్లలో తిరుగుతానే ఉంది.

వలస నిజమే. బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో అనే జాతులు ఏప్రిల్, మే నెలల్లో పడమటి కనుమలు వదిలి తూర్పు మైదానాలకు, ఏర్కాడు, కొల్లిమలల వైపుకు వస్తాయి. జూన్‌లో కనుమల మీద పడే కుంభవృష్టిని తప్పించుకోవడానికే ఈ ప్రయాణం. అక్టోబరు, నవంబరుల్లో మళ్లీ పడమటికి పోతాయి. కృష్ణమేఘ్ కుంటే ఈ వలసల మీద 2005లో శాస్త్రీయంగా రాశారు. అంతకు చాలా ముందే, 1910లో, కొడైకెనాల్ సౌర పరిశోధనశాలలో పనిచేసిన జాన్ ఎవర్‌షెడ్ సీతాకోకల వలస గురించి ఒక వ్యాసం రాశాడు. సూర్యుణ్ణి చూడ్డం ఆయన ఉద్యోగం, కన్ను మాత్రం వీటి మీద కూడా పడింది.

ఎండ సంగతిలో పెద్దల మాట చాలావరకు సరిపోతుంది. కోవైలో ఎండ ముదిరేది మార్చి, ఏప్రిల్‌లోనే. మే ఆఖరుకి సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున్న పాలక్కాడు సందులోంచి పడమటి గాలి తోసుకొస్తుంది, ఊరు చల్లబడుతుంది. సీతాకోకలు పోయేది సరిగ్గా దానికి ముందే.

చిక్కంతా వానతోనే. నాయకరాజుల కాలంలోనూ అంతకు ముందూ ఈ గడ్డకు వచ్చిన మనవాళ్లు కార్తెల లెక్క వెంట తెచ్చుకున్నారు. ఆ లెక్కలో రోహిణి ఎండ, మృగశిర వాన, ఆ వెంటనే విత్తనం. ఇక్కడ నడిచేది వేరే లెక్క. మేలో అగ్ని నక్షత్రం, ఆడిలో గాలి, ఐప్పసిలో వాన. నైరుతి మేఘాలు కనుమల మీదే కురిసేస్తాయి. ఇదే జిల్లాలో వాల్పారై జూన్‌లో తడిసి ముద్దవుతుంటే, కింద మన జొన్నచేలు ఆకాశం కేసి చూస్తా ఉంటాయి. అంటే తూర్పుకు పోయే సీతాకోకలు చెప్పేది వాల్పారై వాన గురించి. మన చేలకు పనికొచ్చే కబురు పడమటికి తిరుగు ప్రయాణం కట్టినవి తెస్తాయి. అవి ఈశాన్య రుతుపవనం అడుగుపెట్టే రోజుల్లోనే పోతాయి. పాత మాటలో ఈ రెండో సగం లేదు. మృగశిరను నమ్మినవాళ్లకు ఐప్పసి గుర్తు తోచకపోవడంలో వింత లేదనిపిస్తుంది మాకు.

గుంపు పెద్దదైతే వాన కూడా పెద్దదని కొందరంటారు. మేం ఒప్పుకోం. గుంపు పెద్దదయ్యిందంటే గొంగళిపురుగులకు మొన్నటి కారులో ఆకు బాగా దొరికిందని అర్థం. అది గడిచిన వాన కబురు, రాబోయేది కాదు.

ఎరువు కోసం జనుము చల్లిన చేను ఉంటే చూడ్డం సులువు. ఆ మొక్కలోని రసాయనాల కోసం మగ సీతాకోకలు దాన్ని వెతుక్కుంటూ వచ్చి వాలతాయి. మీ ఇళ్లలో పాత సేద్యం లెక్కల పుస్తకాలు ఉంటే, ఏ తారీఖున పోయాయని ఎవరైనా రాసిపెట్టారేమో చూసి మాకు పంపండి. ఏ దిక్కుకు పోయాయని రాసుందో అది కూడా చెప్పండి.