వీరగల్లులును శాంతిసైనికులును

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములు వీరగల్లులకు నెలవులు. చెరువుగట్లపైనను, పొలముల నడుమను ఇవి నేటికిని కానవచ్చును. కొన్ని కృష్ణగిరి ప్రభుత్వ పురావస్తుశాలయందు చేర్పబడియున్నవి. తమిళులు వీనిని నడుకల్ అందురు. వీనిలో పెక్కు పసులమందలకై జరిగిన పోరులలో మడిసినవారివి. ఇందొక విశేషము గమనింపదగియున్నది. మందను కాచుచు పడినవానికే కాక, మందను పట్టబోయి పడినవానికిని శిలలు నిలిపిరి. అనగా తగవులోని న్యాయాన్యాయములను వీరుని మరణముతో కలిపి ఆనాటివారు తూచలేదు.

ఈ ధర్మమునకు నేటి కాలమున కఠినమైన పరీక్ష శాంతిసైనికుని మరణము. అతడు తన ఊరికై పోరినవాడు కాడు. పరుల కలహము నాపుటకై నడుమ నిలిచినవాడు. ఐక్యరాజ్యసమితి శాంతికార్యము 1948 మే 29న ఆరంభమైనది. 2003 నుండి ఆ దినమున మృతవీరులను స్మరించుచున్నారు. ఈ సేవలో మడిసిన భారతీయులు నూట అరువదిమందికి పైబడియున్నారు. మఱి యే దేశమును ఇంతమందిని కోల్పోలేదు. కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా 1961 డిసెంబరు 5న కాంగోలో నేలకొరిగి పరమవీరచక్రమును పొందెను. సైప్రస్‌లో సమితిసేనకు నాయకుడైన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో అచటనే కన్నుమూసెను. ఆయన సమాధి హోసూరునకు చేరువనున్న బెంగళూరునందే కలదు. సైప్రస్ ప్రభుత్వము 1966లో ఆయన పేర తపాలాబిళ్లను వెలువరించినది.

వీరిని గౌరవించుటలో వివాదము లేదు. శ్రీలంకకు పోయిన భారత శాంతిసేన కథ వేఱు. అది సమితిసేన కాదు. 1987 జూలై నాటి భారత-శ్రీలంక ఒప్పందము ననుసరించి పోయినది. శాంతిని నిలుపబోయి తానే పోరున చిక్కినది. మేజర్ రామస్వామి పరమేశ్వరన్ మొదలుగా వేయిమందికి పైగా సైనికులు మడిసిరి. అచటి తమిళ పౌరులును పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. 1990 మార్చిలో కడపటి దళములు మద్రాసు రేవు చేరినపుడు, ఆ తమిళుల మరణములను తలచి, రాష్ట్ర ముఖ్యమంత్రి స్వాగతమునకు పోలేదు. మృతసైనికులకు కొలంబో చెంత స్మారకము తరువాతి కాలమున వెలసినది.

సేనను పంపిన విధానము తగునా తగదా యని చరిత్రకారుడు విమర్శింపవలసినదే. ఆ సేనవలన నష్టపోయినవారి దుఃఖమును మఱుగుపఱచుటయు తగదు. అయినను ఆజ్ఞను తలదాల్చి పోయి మరలిరాని సైనికుడు ఆ విధానమును నిర్ణయించినవాడు కాడు. ఏలికల తప్పునకు అతని పేరును మాపుట న్యాయము కాదు. మందను కాచినవానికిని, పట్టబోయినవానికిని శిలలు నిలిపిన ఈ సీమ పూర్వులకు ఈ వివేకము కలదు. తమ ఊరినుండి ఎవరు ఏ దేశమునకు ఏ కార్యమునకై పోయి మరలిరాలేదో బడిపిల్లలకు తెలుపుట ఆ శిలాస్థాపనమునకు సమానమైన పని.