తెఱచు పతకము: మంజీరా ప్రాంతపు స్వర్ణకారుల పని

ఇట్టి సంచికలలో మన విశ్వకర్మ సంతతివారు దేవాలయములను గూర్చియు, రథములను గూర్చియు, కిరీటములను గూర్చియు వ్రాయుట పరిపాటి. మేము మాత్రము బొటనవ్రేలి గోరంత వస్తువు నొకదానిని గూర్చి వ్రాయఁబూనితిమి. అది కీలుపైఁ దెఱచుకొని, లోపల ఆప్తుల ఛాయాపటమును దాఁచుకొను పతకము. జనులు దానిని లాకెట్టందురు. మేమును అట్లే యందుము.

ఇది దొరల దేశమునుండి వచ్చిన సొమ్మని పలువురు తలంతురు. అది సగము మాత్రమే నిజము. 1616లో జహాంగీరు పాదుషా తన చిత్రమును బంగారమునఁ బొదిగించి, గొలుసుతోఁ గూడ ఆంగ్ల రాయబారి థామస్ రోకు బహూకరించెను. కాఁబట్టి ప్రతిమను మెడలో ధరించుట ఈ దేశమునకుఁ గ్రొత్త గాదు. అయితే చిత్రకారునకుఁ గూలి యిచ్చుకొనఁగలవారు ప్రభువులే గదా. సామాన్యునకు ఆ భాగ్యమును గలిగించినది ఛాయాగ్రహణము. 1839లో ఫ్రాన్సు దేశమున దగ్గేరు వెల్లడించిన విధానమున ఛాయ నిలిచినది వెండిపూఁతగల రాగిరేకుపై. ఆ తరువాత కాగితముపై నిలిచిన పటమునందును ఛాయను నిలిపినది వెండి లవణమే. మన లోహమే వారి విద్యకును ఆధారమైనదని చెప్పుకొన్నచో గర్వము గాదు. 1861లో భర్త గతింపఁగా విక్టోరియా రాణి స్మారకాభరణములను ధరించుటతో ఆంగ్లదేశమున లాకెట్లు మఱింత వ్యాపించినవి.

మన నిజాము రాజ్యమున ఈ విద్యను వెలయించినవాఁడు రాజా దీన్ దయాళ్ (1844–1905). ఆయన ఆఱవ నిజాము మహబూబ్ ఆలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుఁడు. ఘోషా స్త్రీల పటములు తీయుటకై 1892లో ప్రత్యేకముగా నొక స్టూడియో నేర్పఱచెను. అందలి ఛాయలను దీయునది స్త్రీయే. నాఁటివఱకు ఇంటి గడప దాఁటని ముఖము కాగితముపైఁ జేరుట కట్లు దారి యేర్పడెను.

ఇఁక మా ప్రాంతపు మాట. కంగ్టి యున్న నారాయణఖేడు సీమ 1956 నవంబరు 1 వఱకు బీదరు జిల్లాలోనిది. ఆ దినమున మెదకు జిల్లాలోనికిని, 2016లో సంగారెడ్డి జిల్లాలోనికిని వచ్చినది. తెలుఁగు, కన్నడము, మరాఠీ మూఁడును వినఁబడు సరిహద్దు ఇది. బసవేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దిలో నివసించిన కల్యాణము మాకు దూరము గాదు. అందుచేత వీరశైవులకు ఇష్టలింగము నుంచుకొను వెండి కాయలు చేయుట ఇచటి అవుసులవారికిఁ గ్రొత్త పని గాదు. కన్నడిగులు దానిని కరడిగె యందురు. మెడలో వ్రేలాడవలెను, దినదినము తెఱవవలెను, మూసినపుడు సందు కనఁబడరాదు, లోని వస్తువు ప్రాణముకంటె నెక్కువ. లాకెట్టునకు వలసిన లక్షణములు ఇవియే గదా! లింగకాయ మూఁతను సరిగా నమర్చఁగల చేతికి దీని మూఁత కష్టము గాదని మా యభిప్రాయము. కీలు మాత్రము వేఱు విద్య.

పని విధము చెప్పెదము, తెలిసినవారు మన్నింతురుగాక. పోషకులలోఁ గుంపటి యెఱుఁగనివారును గలరు. ముందుగా రెండు రేకులను ఒకే కొలఁతకుఁ గోసి, అచ్చులోఁ గొట్టి చిప్పలు చేయుదుము. అంచులకుఁ దీఁగ నతికి బలపఱతుము. ఇంతవఱకు ఏ పనివాఁడైనను చేయును. పిమ్మట సన్నని రేకుపట్టీ కొనను కోసుగాఁ గత్తిరించి, కమ్మచ్చు బెజ్జములలో నొకదాని తరువాత నొకదానిలోఁ దూర్చి లాగుదుము. లాగఁగా లాగఁగా అది చుట్టుకొని గొట్టమగును. దానిని మూఁడు తునకలుగాఁ గోసి, నడిమిదానిని ఒక చిప్పకును, ప్రక్కలవానిని రెండవ చిప్పకును అతుకవలెను. మూఁడు బెజ్జములును ఒక్క సూటిలో నుండవలెను. వెండ్రుకవాసి తప్పినను మూఁత వంకరగాఁ గూర్చుండును.

అతుకునపుడు గండ మొకటి గలదు. వెలిగారముతోఁ గరఁగిన టంకము నీరువలె గొట్టములోనికిఁ బాఱును. అందుకే లోపల సుద్ద మెత్తవలెను. మొదటి యతుకునకు ఆలస్యముగాఁ గరఁగు టంకమును, తరువాతి యతుకులకు అంతకంటె శీఘ్రముగాఁ గరఁగు టంకమును వాడవలెను. లేనిచో రెండవది పెట్టునపుడు మొదటిది విడిపోవును. మేము మొట్టమొదట చేసిన లాకెట్టున సుద్ద మెత్తుట మఱచితిమి. కీలు పూర్తిగా బిగిసి, రెండు చిప్పలును ఒక్క ముద్దయ్యెను. మా పెద్దలు ఒక్క మాటయు ననక దానిని తూఁచి, కరఁగించి, తరుగును మా కూలిలోఁ బట్టుకొనిరి. తిట్టినచో మఱచియుందుమేమో!

పటము నుంచుట కట్టకడపటి పని. మెఱుఁగు పెట్టి, కడిగి, ఆరఁబెట్టిన తరువాతనే పటమును గోసి, పైన అద్దపు బిళ్లనో అభ్రకమునో యుంచి, సన్నని చుట్టుతో నొక్కి పట్టింతుము. పటము లోనికిఁ బోయిన పిమ్మట నిప్పు దాని దరికి రాఁగూడదు.

ఇచట ఒక చిక్కు గలదు. మనవారికి ఇరువదిరెండు కారట్ల బంగారమే బంగారము. అది మెత్తన, తెఱచి మూయఁగా మూయఁగా కీలు బెజ్జ మరిగి వదులగును. ఆంగ్లదేశమున 1854 నుండి తొమ్మిది, పండ్రెండు, పదునైదు కారట్లకును చట్టము సమ్మతించినందున అచటి లాకెట్ల కీళ్లు గట్టివయ్యెను. మేము చీలను మాత్రము గట్టి మేళవింపుతోఁ జేసి కొంత సర్దుకొందుము.

విధివిలాస మేమనవలెను? చీనా యుద్ధమునకుఁ దరువాత, 1963 జనవరిలో, బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి, క్రొత్త నగలు పదునాలుగు కారట్లకు మించరాదని శాసించినవి. కీలునకు తగిన బంగారము ప్రభుత్వమే నిర్బంధముగా నిచ్చినట్లయ్యెను గాని, కొనువాఁడు లేఁడు. దేశమంతటను స్వర్ణకారుల కుంపట్లు చల్లారెను. ప్రాణములు దీసికొన్నవారును గలరు. కారట్ల నిర్బంధము 1966లోఁ దొలఁగినను, 1968లో నియంత్రణము చట్టమై, 1990లోఁ గాని రద్దు గాలేదు. ఆ యిరువదియేడేండ్లలో సుత్తి విడిచినవారి బిడ్డలు మరల కుంపటి ముందుఁ గూర్చుండలేదు. మన సభలలో ఈ మాట తగినంతగాఁ జెప్పుకొనమని మాకుఁ దోఁచును.

నేఁటి కష్టము వేఱు. యంత్రములు అచ్చొత్తిన లాకెట్లు అంగళ్లలో దొరకుచున్నవి. 2021 నుండి పలు జిల్లాలలో హాల్‌మార్కు తప్పనిసరి యైనది. నగను కరఁగించి పరీక్షించినపుడు టంకముకూడ లెక్కకు వచ్చును. చిన్న వస్తువునకు అతుకులు మెండు. టంకము తక్కువ మేళవింపుదైనచో ఇరువదిరెండు కారట్ల చిప్పలు గలదియు 916కుఁ దగ్గును. రెండు గ్రాములకు లోపలివాని కీ నిబంధన లేదు గాని, కీలు నిలువవలెనన్న అంత పలుచన పనికిరాదు. టంకమును సైతము అదే మేలిమిగా కలుపుకొనుట తప్ప దారి లేదు. కాడ్మియము కలిపిన టంకమును విడువవలసినదే. దాని పొగ పనివాని యూపిరితిత్తులకు విషము.

అయినను ఈ పని మా యొద్దకు వచ్చుచునే యున్నది. చేయించుకొనువారికంటె బాగుచేయించుకొనువారే యెక్కువ. ఒకానొక వృద్ధురాలు కీలు విఱిగిన లాకెట్టును దెచ్చి, లోని పటమును దీయనీయనని పట్టుపట్టినది. అది కుమారుని పటము. దానికి రెండవ ప్రతి లేదు. చెమ్మకు అద్దమున కంటుకొని యుండెను, తీసినచోఁ జినుఁగును. నిప్పు పెట్టరాదు. తుదకు పాత చీలను సన్నని బరమాతోఁ దొలిచివైచి, అరిగిన బెజ్జమునకు సరిపడ కొంచెము లావు చీలను జేసి దూర్చి, చల్లని సుత్తితోనే కొనలు తట్టితిమి. మూఁడు దినములు పట్టెను. ఆమె యచటనే తెఱచి చూచుకొని, మూసి, మరల తెఱచి చూచుకొనినది. కూలి యెంత యని యడుగఁగా, చీల యెత్తు బంగారమునకు మాత్రము పుచ్చుకొంటిమి.